పొట్టి పంప్ గన్నా, జంట గొట్టాల తుపాకీయా?

హైదరాబాద్‌లో క్లే షూటింగ్ (ఎగిరే మట్టి పళ్లేలను కాల్చే ఆట) మొదలుపెట్టే కుర్రాళ్లు, సినిమాల ప్రభావమో ఏమో, ముందు పంప్ యాక్షన్ తుపాకీ గురించే అడుగుతారు. పొట్టి గొట్టంతో 12 బోర్ గన్ చేతిలో చులాగ్గా తిరుగుతుంది, నిజమే. తేలికగా ఉండటమే దాని తంటా. పేలినప్పుడు భుజాన్ని గట్టిగా గుద్దుతుంది. ఎగిరే మట్టి పళ్లెం వెంట గొట్టం సాఫీగా సాగదు, మధ్యలోనే ఆగినట్టవుతుంది. రెండో తూటాకి ముందుచెక్కను (గొట్టం కింద చేత్తో పట్టుకునే భాగం) వెనక్కి లాగి ముందుకు తోయాలి. టెన్షన్‌లో సగమే లాగితే ఖాళీ గుల్ల ఇరుక్కుంటుంది.

ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టాలుండే ఓవర్ అండర్‌లో ఆ గొడవ లేదు. రెండో తూటా సిద్ధంగా ఉంటుంది. 28, 30 అంగుళాల గొట్టాల బరువుకి ఊపు నిలకడగా వస్తుంది. ఒక్కో గొట్టానికి ఒక్కో చోక్ (గుళ్లు ఎంత వెడల్పుగా చెదరాలో నిర్ణయించే, గొట్టం చివరి బిగింపు) పెట్టుకోవచ్చు. మడిచి తెరిస్తే ఖాళీగా ఉందని పక్కవాళ్లకీ కనిపిస్తుంది, రేంజ్‌లో అది చిన్న విషయం కాదు. ధర మాత్రం ఎక్కువే.

పైగా అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ పోటీల్లో పంప్ యాక్షన్‌కి అసలు అనుమతే లేదు. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్‌లో ట్రాప్, స్కీట్ అనే క్లే పోటీలు సీరియస్‌గా ఆడాలనుకుంటే నా ఓటు జంట గొట్టాలకే. ఏది కొన్నా ముందు లైసెన్స్ కావాలి.