సోలాంగ్ దారిలో అద్దె మంచు దుస్తులు: సూటు సరే, బూట్ల సంగతి చూసుకోండి

మనాలి నుంచి సోలాంగ్ లోయకు వెళ్లే దారిలో మంచు దుస్తులను అద్దెకిచ్చే దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. వాటికి నంబర్లు ఉంటాయి. డ్రైవర్లు దుకాణం పేరు కాక ఆ నంబరే చెబుతారు. జనవరిలో మా కళాశాల మిత్రబృందం దుస్తులు తీసుకున్నది టాక్సీ డ్రైవరు తిన్నగా తీసుకెళ్లి ఆపిన దుకాణంలోనే. అక్కడే తీసుకోవాలన్న నియమమేదీ లేదు గానీ, బండి దిగాక బేరం సాగదు. సూటు, బూట్లు, చేతి తొడుగులు కలిపి ఒక్కొక్కరికి రూ.300 తీసుకున్నారు.

సూటు విషయంలో ఫిర్యాదు లేదు. రంగులు వెలిసిపోయి, మా అందరినీ ఒకే కర్మాగారపు కార్మికుల్లా చూపించినా, అది గాలిని ఆపింది, మంచులో ఎంత దొర్లినా లోపలి బట్టలను తడవనివ్వలేదు. పొడగరి మిత్రుడికి మాత్రం చీలమండల పైనే ఆగిపోయింది.

అసలు పరీక్ష బూట్లది. ముందు రోజు ఎవరో తొడిగి ఇచ్చిన జతలను ఆరకముందే మళ్లీ ఇస్తుంటారు. పైకి పొడిగా కనిపించినా, చేయి లోపలికి పెట్టి వేళ్లు ఉండే కొస వరకు తడిమి చూస్తే అస్తరు చెమ్మ తెలిసిపోతుంది. అలా తేలిన రెండు జతలను దుకాణదారు విసుక్కోకుండా మార్చి ఇచ్చారు, అది మెచ్చుకోవలసిన విషయం. రెండు జతల మేజోళ్లు వేసుకున్నా వేళ్లు కదిలేంత వదులుగా ఉండే సైజు అడగాలి, ఎందుకంటే బిగుతు బూటులో రక్తప్రసరణ తగ్గి పాదం మరింత త్వరగా చల్లబడుతుంది. తొడుగులు మాత్రం దండగ. బట్టతో కుట్టినవి కావడంతో నాలుగు మంచు ఉండలు చేసేసరికే నానిపోయాయి. నీరు పట్టనివి మనాలి మాల్ రోడ్డులో ముందే కొనుక్కోవడం మేలు.

ఉండలంటే గుర్తొచ్చింది, ఉదయం ఎంత నొక్కినా మంచు పిండిలా రాలిపోయి, హాస్టల్ వారికీ డే స్కాలర్లకూ మధ్య ప్రకటించిన యుద్ధం వాయిదా పడింది. బాగా చల్లగా, పొడిగా ఉన్న మంచు అంటుకోదు. ఎండ తగిలి కాస్త చెమ్మ పట్టాకే ఉండ కడుతుంది. మధ్యాహ్నం దాటాక డే స్కాలర్లు చిత్తుగా ఓడారు. స్నో స్కూటరు, జడలబర్రెపై ఫొటో వంటి వాటికి విడిగా డబ్బు కట్టడం కంటే, వాలు మీద కూర్చుని జారడమే మాకు ఎక్కువ నచ్చింది.

ఆ జారుడు ఖరీదు దుస్తులు తిరిగి ఇచ్చేటప్పుడు తెలిసింది. ఒక సూటు వెనుక కుట్టు ఊడినందుకు దుకాణదారు రూ.500 అడిగారు, తీసుకున్నప్పుడే అది సగం ఊడి ఉన్నట్లు చూపే ఫొటో మా వద్ద ఉన్నందున వాదన అక్కడితో ఆగింది. కాబట్టి జిప్పులు, కుట్లు ముందే ఫొటో తీసి ఉంచుకోవాలి.

సోలాంగ్‌లో మంచు పలచగా ఉన్న రోజుల్లో టాక్సీలు 2020లో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి అవతలి సిస్సు గ్రామం వైపు వెళ్తాయి. అప్పుడు తిరుగు ప్రయాణం ఆలస్యమవుతుంది గనుక, దుస్తులు ఎన్ని గంటలలోపు అప్పగించాలో, ఆలస్యమైతే అదనంగా ఎంత తీసుకుంటారో తీసుకునేటప్పుడే అడిగి రసీదుపై రాయించుకోవాలి.