హామ్లెట్ తండ్రి, కాక్ లేన్ ఫ్యానీ: ఏ దయ్యం మేలు?

రెండు దయ్యాలదీ ఒకటే ఫిర్యాదు: విషం పెట్టి చంపారని. ఒకటి షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాటకంలోది. రెండోది 1762లో లండన్‌లోని కాక్ లేన్ అనే సందులో నిజంగానే వచ్చిందని జనం నమ్మినది. కథల్లో దయ్యాలు మేలా, జరిగాయని చెప్పుకునేవి మేలా అన్న మాట వస్తే నాకు ముందు ఈ రెండే గుర్తొస్తాయి.

నాటకంలో చనిపోయిన రాజు అర్ధరాత్రి ఎల్సినోర్ కోట మీద కాపలావాళ్లకు కవచంతో కనిపిస్తాడు. వాళ్లతో మాట్లాడడు. కోడి కూయగానే మాయమవుతాడు. కొడుకు ఒంటరిగా దొరికాకే నోరు విప్పుతాడు: తోటలో నిద్రపోతుంటే సొంత తమ్ముడే చెవిలో విషం పోశాడట. నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి భాగం. హామ్లెట్ వెంటనే కత్తి పట్టుకుని బాబాయి మీదికి పోడు. తండ్రి రూపంలో వచ్చింది పిశాచమేమో, తనను పాపంలోకి లాగడానికి వచ్చిందేమో అని టెన్షన్ పడతాడు. ఆ హత్యలాంటిదే ఒక నాటకం ఆడించి బాబాయి ముఖం గమనిస్తాడు. తర్వాత ఆ బాబాయి ఒంటరిగా మోకరిల్లి తాను చేసింది ఒప్పుకుంటుంటే మనం స్వయంగా వింటాం. ఇక దయ్యం మాట మీద మనకు అనుమానం ఉండదు.

కాక్ లేన్‌లో ఆ వీలు లేదు. రిచర్డ్ పార్సన్స్ అనే ఆయన ఇంట్లో విలియం కెంట్, ఫ్యానీ అనే జంట కొన్నాళ్లు అద్దెకున్నారు. పార్సన్స్ కెంట్ దగ్గర అప్పు తీసుకుని తీర్చలేదు, కెంట్ దావా వేశాడు. 1760లో ఫ్యానీ మశూచితో చనిపోయింది. రెండేళ్ల తర్వాత పార్సన్స్ కూతురి మంచం దగ్గర తట్టిన చప్పుళ్లు, గీరిన చప్పుళ్లు వినిపించాయి. ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. వచ్చింది ఫ్యానీ అన్నారు. కెంటే విషం పెట్టాడా అంటే ఒక్క దెబ్బ. ఉరి తీయాలా అన్నా ఒక్క దెబ్బే. ఊరంతా ఆ సందులోకి విరుచుకుపడింది.

ఇంగ్లిష్ నిఘంటువు రాసిన డాక్టర్ శామ్యూల్ జాన్సన్ ఉన్న ఒక బృందం విచారణకు దిగింది. ఫ్యానీ శవపేటిక దగ్గరికి వస్తే దాని మీద తట్టి చూపిస్తానని దయ్యం మాటిచ్చింది. అర్ధరాత్రి దాటాక ఆ పేటిక ఉన్న క్లార్కెన్‌వెల్ చర్చి నేలమాళిగలోకి దిగి పిలిచారు. ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత, శబ్దం రాకపోతే జైలే అని భయపెడితే, పార్సన్స్ కూతురు ఒక చెక్కముక్క దాచుకుని దొరికిపోయింది. పన్నెండేళ్ల పిల్ల. పెద్దల పగకు దాన్ని వాడుకున్నారే అని చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అందుకే నా లెక్క ఇది. జరిగాయని చెప్పేవాటిలో ఎక్కువ దయ్యాలకు పనేమీ ఉండదు. మెట్ల మీద నడుస్తాయి, తలుపు కొడతాయి, కంటి చివర కదులుతాయి. అలాంటివాటిలోనే నాకు కాస్త నిజాయితీ కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో విక్ టాండీ అనే ఇంజనీరుకు ఒక రాత్రి ల్యాబ్‌లో చెమటలు పట్టి, పక్కన బూడిదరంగు ఆకారం కనిపించింది. తిరిగి చూస్తే ఏమీ లేదు. మర్నాడు అక్కడే బిగించి పెట్టిన కత్తి దానంతటదే వణకడం చూసి కారణం వెతికాడు. కొత్తగా పెట్టిన ఫ్యాను సెకనుకు సుమారు 19 కంపనాల శబ్దం పుట్టిస్తోంది, మన చెవికి అందనంత తక్కువ స్థాయిలో. ఫ్యాను బిగింపు మార్చాక ఆ ఇబ్బంది పోయింది. 1998లో దాన్ని వ్యాసంగా రాశాడు. ప్రతి దయ్యానికీ ఫ్యానే కారణమని కాదు. కానీ ఆయన చూసిన ఆకారం ఎవరి పేరూ చెప్పలేదు, ఎవరి మీదా నేరం మోపలేదు.

ఎవరి పేరైనా చెప్పడం మొదలుపెట్టిందంటే మాత్రం నాకు భయం వేస్తుంది. మన పల్లెల్లో భానామతి అనీ, చేతబడి అనీ ఒకరి వైపు వేలు చూపించాక వాళ్లను కొట్టిన, చంపిన కేసులు మనకు తెలియనివి కావు. అక్కడ హామ్లెట్‌లా ఆగి, ఇది అబద్ధమేమో అని ఆలోచించే మనిషి చాలాసార్లు ఉండడు.

కాబట్టి రాత్రిపూట చదువుకుని వణకడానికి నా ఓటు కథకే. తీరని ఋణం, చెప్పుకోలేని నేరం అన్నీ అందులో ఉంటాయి, బయట ఎవరికీ దెబ్బ తగలదు. మనుషులు ఎలా నమ్ముతారో, ఎందుకు నమ్మిస్తారో తెలుసుకోవాలంటే కాక్ లేన్ లాంటివే చదవాలి.

కెంట్ కోర్టుకెళ్లి గెలిచాడు. పార్సన్స్‌కు రెండేళ్ల జైలు, పైగా మూడుసార్లు మెడా చేతులూ కొయ్య చట్రంలో బిగించి నడివీధిలో నిలబెట్టే శిక్ష పడ్డాయి. అలా నిలబెట్టినవాళ్ల మీద లండన్ జనం చెత్తా రాళ్లూ విసరడం మామూలు. పార్సన్స్ మీద ఎవరూ ఏమీ విసరలేదు. ఆయన కోసం చందాలు పోగుచేసి ఇచ్చారు.