ఫోటోలు ఎక్కించడం తేలికే, దించుకోవడమే కష్టం: చీరల షాపు సాఫ్ట్‌వేర్‌తో ఐదేళ్ళు

మంగళగిరిలో మాది చిన్న చీరల షాపు. 2020 జూన్‌లో, లాక్‌డౌన్ సడలించినా జనం గడప తొక్కని రోజుల్లో, మా అన్నయ్య కొడుకు చెప్పగా ఒక ఆన్‌లైన్ స్టాకు సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. బ్రౌజర్‌లో తెరిచి చీరల ఫోటోలు ఎక్కిస్తే కేటలాగు తయారవుతుంది. ఆ లింకు వాట్సాప్‌లో పంపితే చూసి ఆర్డరు పెడతారు. ఏడాదికోసారి చందా కట్టాలి. పేరు రాయను, ఎందుకంటే ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి, నా పాట్లు వేరేది వాడేవాళ్ళకీ పనికొస్తాయి. బిల్లింగు, జీఎస్టీ రిపోర్టులు బాగానే పనిచేస్తాయి, వాటి జోలికి పోను. ఫోటోలు లోపలికి ఎలా వెళ్తాయి, మన వివరాలు మళ్ళీ మన చేతికి ఎలా వస్తాయి, ఈ రెండే చెబుతాను.

ఒక్కో చీరకి నాలుగు ఫోటోలు తీస్తాం: అంచు, కొంగు, జాకెట్ ముక్క, మడత విప్పిన చీర. రోజుకి 30 చీరలంటే 120 ఫోటోలు. మొదటి రెండేళ్ళూ ఇది పెద్ద తలనొప్పి. అన్నీ ఒకేసారి వదిలితే ఎక్కడో 80 దగ్గర నెట్ ఒక్క క్షణం పోయేది. ఏవి ఎక్కాయో, ఏవి ఎక్కలేదో చెప్పేది కాదు. సరే అని మళ్ళీ అన్నీ పంపితే ముందు ఎక్కినవి రెండేసి కనబడేవి. ఒకే చీర రెండు చీరలనుకుని ఇద్దరు ఆర్డరు పెట్టారు, ఒకరికి డబ్బు వాపసు ఇచ్చాం. 2022లో ఈ పేజీ మొత్తం మార్చారు. ఇప్పుడు ఒక్కో ఫోటో పక్కన అది ఎంతవరకు వెళ్ళిందో కనబడుతుంది, ఆగిపోయినదాన్ని మాత్రమే మళ్ళీ పంపొచ్చు, అదే ఫోటో రెండోసారి పెడితే అడుగుతుంది. ఈ ఒక్క మార్పుతో నాకు రోజుకి గంట మిగిలింది.

మావాడు, అదే మా అన్నయ్య కొడుకు, ఐఫోన్ కొన్నాక ఇంకో గోల మొదలైంది. వాడు తీసిన ఫోటోలు వేటినీ తీసుకునేది కాదు. "ఈ ఫైలు చెల్లదు" అని ఎర్రగా ఒక ముక్క పడేది. ఎందుకు చెల్లదో మాత్రం చెప్పేది కాదు. విషయమేమిటంటే 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫోటోని అంతటా చెల్లే మామూలు జేపెగ్ రకంగా కాకుండా హెచ్‌ఈఐసీ అనే రకంలో దాస్తాయి, చోటు తక్కువ పడుతుందని. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ 'మోస్ట్ కంపాటిబుల్' నొక్కితే మళ్ళీ జేపెగ్ వస్తుంది. ఈ సంగతి ఆ ఎర్ర ముక్క పక్కనే రాసి ఉంటే మాకు రెండు రోజులు కలిసొచ్చేవి. ఇప్పుడు ఆ రకం కూడా తీసుకుని తనే మార్చుకుంటోంది.

కొన్ని చీరలు కేటలాగులో పక్కకి పడుకుని కనబడేవి. నొక్కి పెద్దది చేస్తే నిటారుగానే ఉండేవి! మొదట నా ఫోను పాడైందనుకున్నా. తర్వాత మావాడు విడమరిచి చెప్పాడు: ఫోను నిలువుగా పట్టుకుని తీసినా బొమ్మని ఫోను తిప్పదు, 'దీన్ని ఇలా తిప్పి చూపించు' అని ఫైలు లోపల ఒక చీటీ పెడుతుంది. ఎగ్జిఫ్ అంటారట దాన్ని. పెద్ద ఫోటోలో ఆ చీటీ అలాగే ఉంది, బ్రౌజర్ చదువుకుని తిప్పి చూపిస్తోంది. చిన్న ఫోటోలు తయారుచేసేటప్పుడు మాత్రం చీటీని చదవకుండానే చింపేస్తున్నారు. కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి చెబితే వారంలో సరిచేశారు. కానీ పాతవాటిని అలాగే వదిలేశారు, మేమే తిప్పుకున్నాం.

చీరల వాళ్ళకి అసలు ప్రాణం మీదికి తెచ్చేది రంగు. అమెరికాలో ఫ్రిస్కోలో ఉండే ఒకావిడ రాణి కలర్ చీర తెప్పించుకుని, "ఫోటోలో ఇంత కొట్టొచ్చినట్టు లేదండీ, నెమ్మదైన రంగనుకున్నాను" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఫోనులో చూస్తే రంగు నిండుగా ఉంది, అదే ఫోటో కేటలాగులో వెలవెలబోయింది. ఇప్పటి ఐఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల కొలతలో ఫోటో తీసి, ఆ కొలత పేరు ఫైల్లో రాస్తాయి. సైటు ఆ రాతని తీసేస్తే బ్రౌజర్ మామూలు కొలత అనుకుని చూపిస్తుంది, దాంతో రంగులు మందగిస్తాయి. ముందు రంగుల్ని మామూలు కొలతకి మార్చి ఆ తర్వాత రాత తీసేస్తే ఈ గొడవ ఉండదు. ఆ పని చేయడానికి వీళ్ళకి 2023 దాకా పట్టింది. నిజాయితీగా చెప్పాలంటే సగం తప్పు మా ట్యూబులైటుది కూడా. చిలకాకుపచ్చ, నెమలికంఠం రంగు చీరలు దాని కింద తీస్తే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. ఇప్పుడు పొద్దున తొమ్మిదింటికి వాకిట్లో, ఎండ నేరుగా పడని చోట తీస్తున్నాం.

ఒక మెచ్చుకోలు కూడా చెప్పాలి. ఫోటో ఎక్కడ తీశామో ఆ చిరునామా గుర్తులు కూడా ఎగ్జిఫ్ లోపలే ఉంటాయి. మేం కొన్ని ఫోటోలు నేతవాళ్ళ ఇంట్లో, మగ్గం దగ్గరే తీస్తాం. కస్టమర్లకి కనబడే కాపీల్లోంచి ఆ గుర్తులు మొదటిరోజు నుంచీ తీసేస్తున్నారు. ఎవరూ అడగకుండానే చేసిన మంచిపని.

ఇక బయటికి తెచ్చుకోవడం. మూడేళ్ళదాకా నేను 'ఎక్స్‌పోర్ట్' బటను ముట్టుకోలేదు. సరుకంతా లోపల భద్రంగా ఉందనుకున్నా. 2023 దసరాకి ధరలు మార్చాల్సి వచ్చింది. ఒక్కో చీర తెరిచి మార్చేకంటే లిస్టు దించుకుని ఎక్సెల్‌లో మార్చి మళ్ళీ ఎక్కిద్దామనుకున్నా. సీఎస్‌వీ ఫైలు వచ్చింది, అంటే కామాలతో విడగొట్టిన ఉత్త అక్షరాల పట్టిక. తెరిస్తే తెలుగు పేర్లన్నీ మాయం. 'వంగపండు రంగు' ఉండాల్సిన చోట నెత్తిన గీతలు మొలిచిన ఇంగ్లీషు 'ఎ' అక్షరాలు వరసగా నించున్నాయి. ఫైలు పాడవలేదు. తెలుగు అక్షరాలు యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్నాయని చెప్పే గుర్తు ఫైలు మొదట్లో పెట్టలేదు, ఎక్సెల్ ఇంకేదో అనుకుంది. డబుల్ క్లిక్ చేయకుండా, డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్' దారిలో వెళ్ళి 65001 యూనికోడ్ ఎంచుకుంటే తెలుగు చక్కగా కనబడింది.

ఆ తెలుగు సంబరంలో పక్క కాలమ్ చూసుకోలేదు. మా చీరల కోడ్లు 0045 లాంటివి. ముందు సున్నాలు ఎగిరిపోయి 45 అయ్యాయి. మూడో బీరువా పన్నెండో అర అని చెప్పే 3-12 కాస్తా డిసెంబరు 3 అయింది. పదమూడు అంకెల బార్‌కోడ్లు 8.9 పక్కన ఏదో గణితంగా మారాయి. అలాగే సేవ్ చేసి ఎక్కించేశాను. 45 అనే కోడ్ దానికి తెలీదు కాబట్టి కొత్త చీర అనుకుంది. పండక్కి పది రోజుల ముందు షాపులో లేని 600 చీరలు కేటలాగులో ప్రత్యక్షమయ్యాయి. ఆ రాత్రి టెన్షన్ నాకే తెలుసు.

"అత్తా, నువ్వేం బాధపడకు, జన్యువుల పేర్లు కూడా ఎక్సెల్‌లో తేదీలైపోయేవి, చివరికి 2020లో శాస్త్రవేత్తలే ఆ పేర్లు మార్చుకున్నారు" అని మావాడు ఓదార్చాడు. నిజమేనట, మార్చ్1, సెప్ట్1 అనే పేర్లుండేవట. వాళ్ళకి పేర్లు మార్చుకునే వెసులుబాటు ఉంది, నాకు దసరా ఉంది.

తప్పు నాది కొంత, ఒప్పుకుంటాను. కానీ ఎక్కించే ముందు "వీటిలో 600 కొత్తవి, కొనసాగించాలా?" అని ఒక్క మాట అడగాల్సింది కదా. ఇప్పుడు అడుగుతోంది. సీఎస్‌వీతో పాటు ఎక్సెల్ ఫైలు కూడా ఇస్తోంది, అందులో కోడ్లన్నీ అక్షరాలుగానే వస్తాయి, సున్నాలు పోవు.

అప్పుడే వేరే సాఫ్ట్‌వేర్‌కి మారిపోదామని కోపంగా నిర్ణయించుకున్నాం. మారాలంటే ఫోటోలు కావాలి. సీఎస్‌వీలో ఫోటోలు ఉండవు, ఫోటోల లింకులు ఉంటాయి. "మేడమ్, లింకులున్నాయి కదండీ, దించుకోండి" అన్నాడు కంపెనీ అబ్బాయి. ఆ లింకులకి ఒక్కరోజే ఆయువు, మర్నాడు నొక్కితే 'అనుమతి లేదు'. మూడు మెయిళ్ళ తర్వాత జిప్ ఫైలు ఇచ్చారు. అది నాలుగు జీబీ దాటింది, షాపులో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కానంది. ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫైళ్ళు సర్దుకునే పెన్‌డ్రైవ్‌లు నాలుగు జీబీ దాటిన ఒక్క ఫైలుని పట్టవు, చోటు ఎంత ఖాళీగా ఉన్నా సరే. ఇంట్లో కంప్యూటర్‌లో విప్పితే వేల ఫోటోలు ఒకే ఫోల్డర్‌లో. ఒక్కోదానికి మూర పొడవు అంకెల, అక్షరాల పేరు. ఏది ఏ చీరదో ఆ బ్రహ్మకే తెలియాలి. మావాడు రెండు ఆదివారాలు కూర్చుని, సీఎస్‌వీలోని లింకు చివరి ముక్కనీ ఫోటో పేరునీ కలిపే పైథాన్ ప్రోగ్రాం రాస్తే గానీ ఓ కొలిక్కి రాలేదు.

మారలేదు లెండి. మా ఉత్తరాల వల్లో, ఇంకెవరైనా గట్టిగా అరిచారో, 2024లో ఎక్స్‌పోర్ట్ తిరగరాశారు. ఇప్పుడు జిప్‌లో ఒక్కో చీర కోడ్ పేరుతో ఒక్కో ఫోల్డర్, లోపల నాలుగు ఫోటోలు. రెండేసి జీబీల ముక్కలుగా వస్తుంది, ఒక ముక్క దిగడం ఆగిపోతే అదొక్కటే మళ్ళీ దించుకోవచ్చు. మార్కులు వేయమంటే ఎక్కించడానికి 5కి 4. దించుకోవడానికి అప్పట్లో 1, ఇప్పుడు 3.

ఆ మిగతా 2 ఎందుకు తగ్గించానంటే, పోయిన చలికాలం మాకు నేసే బాబాయ్ ఒకాయన షాపుకొచ్చి, "అమ్మా, 2021లో నేసిన ఆ నిజాం అంచు చీర ఫోటో ఉందా? మళ్ళీ అదే కావాలంటున్నారు, పోగుల లెక్క మర్చిపోయాను" అన్నాడు. ఎంతసేపు, ఒక్క నిమిషం అని తెరిచాను. అంచు కనబడింది. పెద్దది చేస్తే జరీ అంతా మసకగా కలిసిపోయింది. ఫోను తీసింది 4,032 బై 3,024 పిక్సెళ్ళ ఫోటో. సాఫ్ట్‌వేర్ దాచింది 1,600 బై 1,200. ఆరో వంతు కూడా కాదు. ఎక్కించే పేజీలో "మీ ఫోటోలు భద్రం" అని పెద్దక్షరాలతో ఉంటుంది, చిన్నవి చేసి దాస్తామన్న ముక్క సహాయం పేజీలో ఎక్కడో అడుగున ఉంది. ఆ పెద్దక్షరాల మాట నమ్మి మేం ఫోనులో చోటు చాలదని అసలు ఫోటోలు ఎప్పటికప్పుడు తీసేశాం. బాబాయ్ కళ్ళద్దాలు పైకీ కిందకీ జరుపుకుని స్క్రీన్ మీద వేలితో లెక్కపెట్టబోయి, "అబ్బే, దొరకదమ్మా" అన్నాడు.

అసలు ఫోటో యథాతథంగా దాచే సదుపాయం ఇప్పుడు ఎక్కువ చందా కట్టేవాళ్ళకి ఇస్తున్నారు. మేం కట్టలేదు. 50 రూపాయల బ్యాగులో పెట్టిన హార్డ్‌డిస్క్ గల్లాపెట్టె కింద ఉంది, ఫోను నుంచి నేరుగా అందులోకే వేస్తున్నాం.

ఆ నిజాం అంచు చీర ఎవరు కొన్నారో ఆర్డర్ల ఎక్స్‌పోర్ట్‌లో వెతికితే దొరికింది. ఏలూరులో ఒకావిడ. ఫోన్ చేసి, ఏమీ అనుకోకండి, అంచు దగ్గరగా పెట్టి ఒక ఫోటో తీసి పంపుతారా అని అడిగాను. పాపం, వెంటనే బీరువాలోంచి తీసి పంపారు, వాట్సాప్‌లో. అది ఇంకా చిన్నదై వచ్చింది. "డాక్యుమెంట్‌గా పంపండమ్మా" అని మళ్ళీ ఫోన్ చేశాను.