కర్లర్ ఆపడం మర్చిపోయేవాళ్లకి ఏ ఆటో షటాఫ్ మేలు?

మా ఆడపడుచు కూతురి పెళ్లి, ముహూర్తం తెల్లవారుజామున 4:50కి. ఫంక్షన్ హాలు పైగదిలో రెండింటికే లేచి ఒకళ్ల తర్వాత ఒకళ్లం జుట్టు కర్ల్ చేయించుకుంటుంటే సరిగ్గా నా వంతు అయ్యేసరికి కరెంటు పోయింది. ఫోన్ లైటు వేసుకుని చీర సర్దుకుని అందరం కిందికి దిగిపోయాం. మెట్ల మీద నాకు అనుమానం వచ్చి "కర్లర్ ఆపావా వదినా?" అంటే "కరెంటే లేదు కదమ్మా, ఇంకేం ఆపాలి!" అంది. పిన్నీసుల డబ్బా కోసం మళ్లీ పైకెళ్లేసరికి జనరేటరు నడుస్తోంది, గదంతా కమురు వాసన, మంచం మీదున్న నెట్ చున్నీ అంచు కర్లర్ కడ్డీకి కరిగి జిగురులా అంటుకుపోయి లాగితే తీగలు సాగుతోంది. దుప్పటి మీద చెయ్యంత గోధుమరంగు మచ్చ. ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఆ తర్వాత కొత్త కర్లర్ కొనేటప్పుడు నేను పెట్టె మీద చూసింది రంగూ కాదు, కడ్డీ సైజూ కాదు, తనంతట తను ఆగుతుందా లేదా అన్నదే. తీరా చూస్తే ఆటో షటాఫ్ అన్న ఆ ఒక్క మాట కింద నాలుగు రకాల వ్యవహారాలు నడుస్తున్నాయి.

ముందు ఒక పొరపాటు సంగతి. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే అది ఆటో షటాఫ్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు, అది ఇస్త్రీ పెట్టెలో ఉండే థర్మోస్టాట్ లాంటిదే. పెట్టిన వేడి దాటకుండా చూస్తుంది, అంతే. కడ్డీ 200 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉన్నా దానికి అభ్యంతరం లేదు. "ఓవర్ హీట్ ప్రొటెక్షన్" అన్న మాట కూడా ఇలాంటిదే, వేడి హద్దు మీరితే తప్ప అది కలగజేసుకోదు. మనకు కావలసింది వేడి హద్దులోనే ఉన్నా మనిషి పక్కన లేకపోతే ఆగిపోయేది. వెయ్యి రూపాయల లోపు వచ్చేవాటిలో చాలావాటికి ఇది ఉండదు. పెట్టె మీద నిమిషాల లెక్క రాసి లేదంటే లేదనే అనుకోండి.

ఇక అసలు పోటీ. మొదటి రకం గడియారం. ఆన్ చేసిన క్షణం నుంచి లెక్కపెట్టి ఆగిపోతుంది. రెమింగ్టన్‌లో చాలా మోడళ్లకు 60 నిమిషాలు, బేబీలిస్‌లో చాలావాటికి 72 నిమిషాలు. రెండో రకం కదలికను బట్టి పనిచేసేది, జీహెచ్‌డీ కంపెనీ వాళ్లది ఇలాంటిదే, 30 నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రలోకి పోతుంది.

30 కంటే 60 ఎక్కువ కాబట్టి 30దే మేలని ఎవరైనా అంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కాగితం మీద వేసి చూస్తే వేరే కథ. పొద్దున 6:30కి ఆన్ చేశారు, జుట్టు పొడుగు కాబట్టి ముప్పావుగంట పట్టింది, 7:15కి అలాగే వదిలేసి ఆఫీసుకు పోయారు. 60 నిమిషాల గడియారం 7:30కి ఆగుతుంది, అంటే ఎవరూ లేకుండా కాలేది 15 నిమిషాలే. కదలికదేమో మీరు కింద పెట్టిన దగ్గర్నుంచి లెక్కపెట్టి 7:45కి ఆగుతుంది. చిన్న అంకె ఉన్నదే ఎక్కువసేపు కాలుతోంది! అదే ముందు రెండు పాయలు మాత్రం తిప్పుకుని 6:40కే బయటపడే రకమైతే లెక్క తిరగబడుతుంది. గడియారంది 50 నిమిషాలు, కదలికది 30. అంటే మీ జుట్టెంత, మీ హడావుడి ఎంత అన్నదే తేలుస్తుంది గానీ పెట్టె మీద అంకె కాదు.

గడియారం రకానికి ఇంకో మెలిక ఉంది. కొన్నిటిలో మధ్యలో వేడి పెంచడానికో తగ్గించడానికో ఏ బటన్ నొక్కినా లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నేను వంటింటి గ్రానైట్ గట్టు మీద కర్లర్‌ని దాని స్టాండు మీద పెట్టి ఫోన్‌లో టైమర్ వేసి కూర్చున్నాను (మా ఆయన దాన్నీ నన్నూ చూసి మాట్లాడకుండా టీ పెట్టుకుని వెళ్లిపోయారు). 58వ నిమిషంలో వేడి ఒక మెట్టు పెంచాను, అంతే, ఇంకో గంట కాలింది. కదలిక రకంలోనూ చూసుకోవలసింది ఒకటి. కొన్ని పూర్తిగా ఆగవు, వేడి తగ్గించుకుని కాచుకుని ఉంటాయి. "స్లీప్" అంటే ఆఫ్ అనే అర్థం అన్నిచోట్లా లేదు, మాన్యువల్ చదవాల్సిందే.

బ్యూటీషియన్లకు మాత్రం గడియారం రకం నరకం. పెళ్లికూతురి తల సగం అయ్యేసరికి చప్పుడు లేకుండా ఆగిపోతుంది, చల్లారిన కడ్డీకి పాయ చుట్టి పది సెకన్లు పట్టుకున్నాక గానీ తెలియదు. వాళ్లకి కళ్లు మూసుకుని కదలిక రకమే.

ఇప్పుడు కరెంటు సంగతి. నన్నడిగితే మన ఊళ్లలో నిమిషాల కంటే ఇదే ముఖ్యం. కర్లర్‌కి జరిపే స్విచ్ ఉంటే, కరెంటు పోయినా ఆ స్విచ్ ఆన్ దగ్గరే ఉంటుంది, కరెంటు రాగానే దానంతట అదే వేడెక్కుతుంది, మా పెళ్లిలో జరిగింది అదే. టైమర్ ఉన్నా లెక్క మళ్లీ మొదటి నుంచి. నొక్కి పట్టుకుంటే ఆన్ అయ్యే ఎలక్ట్రానిక్ బటన్ ఉన్నవి చాలావరకు కరెంటు వచ్చాక కూడా ఆఫ్‌లోనే ఉండిపోతాయి, మళ్లీ నొక్కితేనే వెలుగుతాయి. పరీక్ష చాలా తేలిక. కర్లర్ ఆన్ చేసి, గోడ స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి మళ్లీ వేయండి. లైటు తనంతట తను వెలిగిందా, అది వద్దు. 72 నిమిషాల గడియారం ఉన్న జరిపే స్విచ్‌దీ, ఏ గడియారమూ లేని బటన్‌దీ పక్కపక్కన పెట్టి రెండిట్లో ఒకటే తీసుకోమంటే, రోజూ కరెంటు పోయే ఊళ్లో నేను చాలాసేపు ఆలోచిస్తాను.

ఉన్న కర్లర్ పారేయడం ఇష్టం లేనివాళ్లకి స్మార్ట్ ప్లగ్గు ఉంది. కర్లర్‌కి కావలసింది మామూలుగా కొన్ని పదుల వాట్లే, కాబట్టి 6 ఆంప్స్‌ది సరిపోతుంది (దాన్నే హెయిర్ డ్రయర్‌కి వాడకండి, 2000 వాట్లదైతే 9 ఆంప్స్ దాకా లాగుతుంది). ఫోన్‌లో అరగంటకి ఆఫ్ అని పెట్టేసుకోవచ్చు, బస్సెక్కాక గుర్తొచ్చినా ఆపొచ్చు. కరెంటు పోయి వచ్చాక ఏ స్థితిలో ఉండాలో చాలావాటిలో సెట్టింగుల్లో అడుగుతుంది, దాన్ని ఆఫ్‌కి మార్చడం మర్చిపోతే మళ్లీ మొదటికే వస్తారు. పిన్నులు నొక్కే 24 గంటల టైమర్లు మాత్రం వద్దు, రేపు అదే టైముకి ఎవరూ అడక్కుండానే ఆన్ చేస్తాయి.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. మా అక్క డల్లాస్‌లో ఉంటుంది, వాళ్ల గోడ ప్లగ్గులకి మామూలుగా స్విచ్ ఉండదు, కాబట్టి అక్కడ ఆటో షటాఫ్ అవసరం మనకంటే ఎక్కువ. అది బాగుంది కదా అని సూట్‌కేసులో పెట్టించుకునే ముందు పిడి మీద అంకెలు చదివించండి. 100-240 వోల్టులు అని ఉంటే సరే. 120 మాత్రమే ఉంటే ఇక్కడి 230కి పెట్టగానే మూడున్నర రెట్లకు పైగా వాట్లు లాగుతుంది, మాడిపోవడానికి నిమిషాలు చాలు. 60 నిమిషాల టైమర్ అప్పుడెందుకు?

పిల్లలున్న ఇంట్లో వీటిలో ఏదీ గెలవదు. అన్నిటికంటే ముందు ఆగే కర్లర్ అయినా ఆగాక చాలాసేపు చెయ్యి కాల్చేంత వేడిగానే ఉంటుంది, వైరు అద్దం బల్ల కిందికి వేలాడుతుంటే రెండేళ్ల పాప లాగడానికి ఒక్క క్షణం చాలు.

నేను చివరికి తీసుకున్నది బటన్‌ది, 60 నిమిషాల గడియారంది. నా జుట్టు నడుం దాకా ఉంటుంది కాబట్టి. ఆఫీసుకి ఉరుకులు పెట్టే మా చెల్లికి కదలిక రకం కొనిపించాను. మా వదిన మాత్రం ఆ పాత జరిపే స్విచ్‌దే వాడుతోంది, కడ్డీ మీద చున్నీ మరక ఇంకా పోలేదు. కాకపోతే ఇప్పుడు కరెంటు పోగానే చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్లి ముందు ప్లగ్గు పీకేస్తుంది, ఆ తర్వాతే కొవ్వొత్తి.