ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ కొనేవాళ్లు జాగ్రత్త! 999 కడితే ఐదు ముక్కలు

మన సర్కిల్ పక్క బిర్యానీ సెంటర్ గురించే చెప్తున్నా. పేరు రాయను, ఏరియా వాళ్లకు అర్థమైపోతుంది. అక్కడ ఫ్యామిలీ ప్యాక్ పెట్టేముందు ఇది చదవండి.

ప్యాక్ 850, ప్యాకింగ్ 40, వాటి మీద 5 శాతం జీఎస్టీ 44.50, డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజు పన్నుతో కలిపి 64.90. మొత్తం 999.40. యాప్‌లో "నలుగురైదుగురికి" అని రాశారు, ఎన్ని గ్రాములో ఎక్కడా లేదు. అది చూడకుండా డబ్బు కట్టడం నా తప్పే.

మూత తీస్తే పైన వేయించిన ఉల్లిపాయలు, రెండు గుడ్లు. గరిటె దించితే కిందంతా తెల్లన్నం. కాటా మీద పెట్టి చూశా. అన్నం 1,210 గ్రాములు, ఎముకలతో కలిపి చికెన్ 340 గ్రాములు. ఐదే ముక్కలు, అందులో ఒకటి మెడ. దమ్ బిర్యానీలో ముక్కలూ మసాలా హండీ అడుగున ఉంటాయి. పక్క నుంచి నిలువుగా అడుగుదాకా దించి తీస్తేనే అన్నీ కలిసి వస్తాయి. వీళ్లు పై పొర అన్నం గోకి డబ్బా నింపేశారు.

ఫోన్ చేస్తే కౌంటర్ దగ్గరతను ఏమన్నాడో తెలుసా? "ఫ్యామిలీ ప్యాక్ అంటే అన్నమే ఎక్కువుంటది. ముక్కలు కావాలంటే ఎక్స్‌ట్రా పీస్ పెట్టుకోవాలి." ఇంట్లో పిల్లలున్నారు, ముక్కలు సరిపోలేదన్నా. "తూకం వేసుకుని తినేవాళ్లు ఇంట్లోనే వండుకోండి" అని పెట్టేశాడు. వెయ్యి రూపాయలు తీసుకుని అనే మాటేనా అది?

సరే, ఇంటి లెక్కే చూద్దాం. బాస్మతి వండితే రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు తూగుతుంది. అంటే ఆ డబ్బాలో ఉన్నది 450 గ్రాముల బియ్యం, అరకిలో లోపు పచ్చి చికెన్. మా దగ్గరి రేట్లకి బియ్యం 54, అరకిలో చికెన్ 130, పెరుగు 15, ఉల్లిపాయలు 12, నూనె 16, నెయ్యి 14, గుడ్లు 14, పుదీనా కొత్తిమీర 20, మసాలాలు 25, గ్యాస్ 10. మొత్తం 310. బియ్యం అరగంట నానబెట్టి, ముప్పావు వంతు ఉడికాక వార్చి, మసాలాతో వండిన చికెన్ మీద పరిచి, పెనం మీద గిన్నె పెట్టి సన్నసెగ మీద 20 నిమిషాలు దమ్ ఇస్తే చాలు. పనికి గంటన్నర పడుతుంది, అది కాదనను. ఒక్కరే ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది. ఒక ప్లేటు కోసం పుదీనా కట్ట, పెరుగు డబ్బా కొంటే మిగిలినవి పాడైపోతాయి. వాళ్లకి మెస్‌లో భోజనమే నయం. నలుగురికి మాత్రం కాదు.

కొనాల్సి వస్తే ముందు ఫోన్ చేసి ఎన్ని ముక్కలో, ఎన్ని గ్రాములో అడగండి. కౌంటర్ ధర కూడా కనుక్కోండి, ఇదే ప్యాక్ అక్కడ 720. డబ్బా తెరిచేటప్పుడే ఫోటోలు తీసుకోండి. యాప్‌వాళ్లు నాకు 75 రూపాయల కూపన్ ఇచ్చి కంప్లైంట్ మూసేశారు. పొద్దున్నే 1915కి, కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేస్తున్నా.