మహబూబ్‌నగర్ శివారులో స్వారీ శిక్షణ: పాఠం బాగుంది, జీనులే మార్చాలి

ఇక్కడ మొదటి వారం గుర్రం ఎక్కనివ్వరు. డబ్బు కట్టినవాళ్లు విసుక్కుంటారు గానీ, ఈ కేంద్రం గొప్పంతా అదే. ముందు ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్లడం నేర్పుతారు. ముక్కు ఎదుటా, తోక వెనకా గుర్రానికి కనబడదు. అక్కడ ఉన్నట్టుండి చెయ్యి పడితే బెదురుతుంది. మెడ మీద చరచడం మాన్పించి, మూపు దగ్గర, అంటే మెడ వీపుతో కలిసే చోట, గోకమంటారు.

అసలు పాఠం పగ్గంతో. మెల్లగా లాగి పట్టాలి, గుర్రం ఒక్క అడుగు వెనక్కి వేయగానే వదిలేయాలి. ఆ వదలడమే దానికి బహుమానం. ఆలస్యమైతే ఎందుకు వదిలారో దానికి అర్థం కాదు. లాగుతూనే ఉంటే నోరు మొద్దుబారి, కళ్లెం మీదే బరువేస్తుంది. కొత్తవాళ్లు భయంతో చేసే తప్పు ఇదే కాబట్టి, ఎక్కిన కొత్తలో శిక్షకుడే పొడవాటి తాడుతో గుండ్రంగా నడిపిస్తాడు. పగ్గం మీ చేతికివ్వడు. చాలా మంచి పని.

లోపం జీనులది. అన్ని గుర్రాలకీ ఒకే కొలత. మూపు మీద ఆనితే నొప్పి, నొప్పి పెట్టే మనిషిని గుర్రం నమ్మదు. మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్లు పడుతున్నాయో లేదో చూసుకోండి. పొట్టపట్టీ ఒకేసారి బిగించొద్దు, నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించమనండి. ఎండాకాలంలో ఉదయం 6 గంటల బ్యాచే తీసుకోండి.