బ్యాక్టీరియా ఈతకు సిమ్యులేషన్: సమీకరణమా, ఒక్కో కణమా, ఒక్కో అణువా?

ఈ.కోలై అనే ఒంటికణపు బ్యాక్టీరియా పొడవు దాదాపు 2 మైక్రోమీటర్లే. ఈదుతూనే ఇప్పుడు తగులుతున్న ఆహారం గాఢతను కొద్ది సెకన్ల కిందటి దానితో పోల్చుకుంటుంది. పెరుగుతుంటే అదే దారిన ఇంకాస్త దూరం పోతుంది, లేకపోతే మామూలుగా దొర్లి దిక్కు మారుస్తుంది. 1972లో హోవార్డ్ బర్గ్, డగ్లస్ బ్రౌన్ ఒక్కో కణాన్నీ వెంటాడే మైక్రోస్కోప్‌తో ఈ ఈతను కొలిచారు: సుమారు సెకను పరుగు, సెకనులో పదో వంతు దొర్లుడు.

దీన్ని కంప్యూటర్‌లోకి దించడానికి పాత దారి కెల్లర్, సెగెల్ 1971లో ఇచ్చిన సమీకరణాలు. విడి కణాలు కనిపించవు, ఎక్కడ ఎంత గుంపు ఉందన్నదే లెక్క. సన్న గొట్టంలో గుంపు పట్టీలా కదలడం చూడాలంటే ఇది చాలు, ల్యాప్‌టాప్ మీద ఇట్టే నడుస్తుంది. చిక్కల్లా గాఢత నిటారుగా మారే చోట. కణం ఈదేది సెకనుకు 20-30 మైక్రోమీటర్లయితే, సమీకరణం గుంపును అంతకంటే వేగంగా తోసేయగలదు. అది తప్పని సమీకరణానికి తెలియదు మరి!

రెండో కొసన, కణంలో ఈతను నడిపించే ప్రొటీన్లను ఒక్కో అణువుగా లెక్కపెట్టే పద్ధతి. 2005 నాటి ఏజెంట్‌సెల్ అనే ప్రోగ్రామ్ ఇలాంటిదే. ఒకే రకం కణాలు ఒక్కోటి ఒక్కోలా ఎందుకు ప్రవర్తిస్తాయో తేల్చాలంటే ఇదే కావాలి. మిగతా ప్రశ్నలకు మాత్రం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

నా ఓటు మధ్య దారికి: ప్రతి కణాన్నీ విడిగా ఈదించి, లోపలి రసాయనాన్ని రెండు మూడు సమీకరణాల్లో ముగించడం. 2008లో వచ్చిన ర్యాపిడ్‌సెల్ అనే ప్రోగ్రామ్ అలా వేల కణాలను నడిపింది. ప్రతి అడుగులోనూ జరిగేది ఇంతే: గాఢత చదవాలి, రిసెప్టర్ల (ఆహారాన్ని పసిగట్టే ప్రొటీన్ల) చురుకు లెక్కగట్టాలి, దాన్నిబట్టి, ఆ కబురును మోటార్‌కు మోసే చెవై-పి ప్రొటీన్ ఎంతో చూడాలి, కణం తోకలను తిప్పే మోటార్ తిరగబడే, అంటే కణం దొర్లే, అవకాశం తేల్చాలి, కణాన్ని జరపాలి. జ్ఞాపకం ఉండేది రిసెప్టర్లకు అంటుకునే మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కల్లో; రిసెప్టర్ల చురుకు లెక్కలో వీటినీ కలపాలి. చెఆర్ అనే ప్రొటీన్ వాటిని అంటిస్తుంది, చెబి అనే ప్రొటీన్ తీసేస్తుంది. కోడ్‌లో ఈ మిథైల్ లెక్క ఉన్న ఒక్క వరుస ఆపేసి చూడండి, కణానికి గతంతో పోల్చుకునే శక్తే పోతుంది. ఈ స్థాయి మోడల్‌తోనే బర్కాయ్, లీబ్లర్ 1997లో ఒక మాట ముందే చెప్పారు: ప్రొటీన్ల మోతాదులు అటూ ఇటూ అయినా, కణం పరిసరాలకు అలవాటుపడి మళ్లీ పాత స్థితికే వస్తుందని. 1999లో ల్యాబ్ ప్రయోగాలు దాన్ని నిజం చేశాయి. నాకు సిమ్యులేషన్ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

మొదలుపెట్టేవాళ్లు కాలపు అడుగును 0.01 సెకను దగ్గర ఉంచండి. 0.1 పెడితే దొర్లుడంతా ఒక్క అడుగులో మాయమైపోతుంది. ముందు ఆహారమే లేని నీళ్లలో వదలండి. సగటు పరుగు సెకను దగ్గర, సగటు మలుపు 68 డిగ్రీల దగ్గర రాకపోతే మిగతా గ్రాఫులు గీయడం దండగ. గోడల విషయంలో మాత్రం ఈ మధ్య దారీ తడబడుతుంది: సులువుగా రాసిన కోడ్‌లో కణం బంతిలా వెనక్కి వస్తుంది, నిజం ఈ.కోలై గోడను పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంది. అది కావాలంటే నీటి ప్రవాహం లెక్కలు కూడా కలపాల్సిందే.